ముసుగు గంట

శరదృతువు ప్రవేశించుటకు పక్షము దినములైనను లేదు. వర్షకాలమంతయు బురదనీట బుసకొట్టిన వంశధార యిప్పుడు తేటపడి యొడ్డుల నొదిగి పాఱుచుండెను. తీరమునందలి రెల్లుపూవులు వెల్ల వింజామరలవలె నుదయవాయువునకు నూగుచుండెను. బాలభానుని యరుణకిరణములు కంచరవలస యిండ్ల పెరళ్లయందు ఆరవేసిన మట్టియచ్చులపై బడి వానిని క్షణకాలము బంగారుముద్దలుగా జేసి మరల మట్టిగనే విడిచిపెట్టెను. ఏడు కొలుముల నుండి యేడు పొగలు వేర్వేరుగా బయలుదేరి తాటిమ్రాకుల తలలకు పైగా నొక్కటై కలిసి యే యింటి పొగ యేదియో తెలియరాని తెల్లని చీరవలె నూరిమీద పఱచుకొనెను. దసరాపండుగకు మూడు వారములే యుండుటచే నా యుదయమున నూరంతయు మైనపువాసనతోను కాలిన మట్టివాసనతోను నిండియుండెను.

ఆ యూర నున్నవి యేడిండ్లే. ఏడిండ్లవారును గంటలు పోతపోయు కంచరులే. తేనెమైనముతో గంటను మలచి దానికి పుట్టమన్ను మెత్తి కాల్చి మైనము కఱగిపోయిన బోలులో కంచునీరు పోసి చల్లారిన పిదప అచ్చును పగులగొట్టి గంటను వెలికి దీయుదురు. ఒక్కొక్క యచ్చు ఒక్క గంటకే పుట్టి దానితోడనే నశించును గావున నొక గంటకు సరియైన జోడు లోకమున నుండదు. అచ్చు పగులువఱకు దాని నాదమెట్టిదో పోసిన చేతికిని తెలియదు.

అందువలన వారిలో రెండాచారములు వెలసెను. క్రొత్తగంటను మొట్టమొదట మ్రోగించునది పోసినవాడు గాక యా యింటి కోడలు. పరాయి యింట పుట్టి వచ్చిన యామె చెవి యత్తింటివారి పనితనమునకు మొగమాటపడదని పూర్వులు తలచిరి. ఆమె బాగున్నదన్న గంట సంతకు పోవును. ఆమె తల యడ్డముగా ద్రిప్పిన గంట మరల మూసలోనికి పోవును. రెండవ యాచారము కఠినమైనది. ఒకరు కొనిపోయి వలదని త్రిప్పి పంపిన గంటను గడప దాటింపరు. దాని కట్టు విప్పరు. మ్రోగించి చూడరు. వచ్చిన మూటను వచ్చినట్లే వాకిటి బండపై నుంచి కోడలు సుత్తి యందీయగా పోసినవాడే పగులగొట్టవలెను. కాదనిపించుకొన్న నాదము మరల నా యింట వినబడరాదని వారి నమ్మకము. అట్టి దుర్దినము తరమున కొకటియో రెండో వచ్చుచుండుటచే నా యాచారమునుగూర్చి యెవరును రెండవమాఱు తలచియుండలేదు.

ఏడిండ్లకును పెద్ద సింహాద్రాచారి. డెబ్బదియేండ్లు కొలిమి యెదుట గడపుటచే నాయన కనుబొమలు కాలి మొలచి మరల కాలి చివరకు మొలచుటయే మానినవి. ఆయన భార్య యన్నపూర్ణమ్మ రెండేండ్ల క్రిందట కాలధర్మము నొందెను. కుమారుడు వీరాచారి కొలిమి తిత్తి యూదుచు దినమంతయు గడపువాడు గాని నోరు విప్పి మాటాడుట యరుదు. ఇంటి మాటలన్నియు కోడలు చంద్రకాంతము పాలబడెను. ఆమె పదవ తరగతి వఱకు చదివినది. ఎడమచేతి వాటముగలది. ఆమె వేసిన ముడిని ఆమె తప్ప నన్యులు విప్పజాలరని యూరివారు పరిహాసమాడుచుందురు.

పూర్వము పట్టణపు షావుకార్లు వచ్చి గంటలను తక్కెడలో వేసి తూకమునకు కొనిపోయెడివారు. వారికి నాదముతో పని లేకుండెను. తొమ్మిదేండ్ల క్రిందట చంద్రకాంతము తన ఫోనులో వేలంగడి యను అంతర్జాల విపణిని కనుగొనెను. అచట వస్తువు బొమ్మను నిలిపినచో దేశమున నెల్లెడల నున్నవారు వేలముపాట పాడుదురు. అందఱికంటె నెక్కుడు పాడినవారు దానిని కొందురు. ఆమె బొమ్మతోపాటు గంట నాదమును గూడ ఫోనున బట్టి యచట నుంచెడిది. కన్ను లెఱుగని దూరమునుండి యెవరెవరో యా నాదమును విని మెచ్చి పాడజొచ్చిరి. తూకమునకు పోవుచుండిన గంటలు నాటినుండి నాదమునకు పోయెను. ఏడిండ్ల గంటలును చంద్రకాంతము తెఱచిన యా యొక్క దుకాణము పేరనే యమ్ముడుపోవుచుండెను. ఆ దుకాణము మూతబడిన నేడు కొలుములును చల్లబడును.

ఆ యుదయమున చంద్రకాంతము పొయ్యిమీద పాలు పెట్టి ఫోను తెఱచి చూచి యట్లే శిలవలె నిలిచిపోయెను. అపుడే మైనపుముద్దకొఱకు వచ్చిన గౌరీశ్వరాచారి గుమ్మమునుండి యామెను చూచెను. అతడు గతించిన యన్నపూర్ణమ్మకు తమ్ముడు. నోరూరకుండనివాడు.

"ఏటే అమ్మా, అలా కొయ్యయిపోనావు? పాలు పొంగి పొయ్యిలో పోతన్నాయి సూడు!"

"పోనీ సిన్నమావా. వేలంగడోలు కొత్త రూలు ఎట్టినారు."

ఆమె చదువుచుండగా నాలుగు కొలుములవారు చుట్టుజేరిరి. వస్తువు అమ్ముడైనను కాకున్నను దానిని ప్రదర్శించుటకే ముందుగా రుసుము చెల్లింపవలెను. అమ్ముడైనచో నింతవఱకు పుచ్చుకొనుచుండిన పదియవ పాలునకు మాఱు నాల్గవ పాలు విపణికి పోవును. ఒక్కపాట యైనను పడిన వస్తువును మరల్చుకొనరాదు. మరల్చుకొన్నవారి దుకాణము శాశ్వతముగా మూయబడును. కొన్నవారు మాత్రము ముప్పది దినములలోపల నే కారణమును జెప్పకయే వస్తువును త్రిప్పి పంపవచ్చును. ఆ రాకపోకల కూలి యమ్మినవారిదే.

"మన సంతలో పన్ను వసూలుసేసే ఆశీలోడే నయం" అని గౌరీశ్వరాచారి నిట్టూర్చెను. "ఆడు ఎదురుగా నిలబడి అడుగుతాడు. మనం ఆడి మొకం సూసి నాలుగు తిట్టొచ్చు. ఈడికి మొకమేదీ?"

కొందఱు నవ్విరి. సింహాద్రాచారి నవ్వలేదు. నాలుగు నియమములలో నొక్కటియే యాయన చెవిని బడినట్లుండెను.

"కారణం సెప్పకుండానే తిప్పీయొచ్చంటావా?"

"తిప్పీయొచ్చంట మావా."

"గంట ఏం తప్పు సేసిందో సెప్పకుండానే?"

పాలు పూర్తిగా పొంగి పొయ్యి నార్పివేసెను.

వారము తిరుగకమునుపే కొరియర్ బండి వాకిట నాగెను. గడచిన నెలలో నొక నగరవాసికి పంపిన గంట దాని పెట్టెలోనే తిరిగివచ్చెను. దాని చప్పుడును చంద్రకాంతము బాగుగ నెఱుగును. ఆ యేట పోసిన గంటలలో నంతటి నాదముగలది వేఱొకటి లేదని తానే మెచ్చినది. అయినను నాచార మాచారమే. పెట్టెను బండపై నుంచిరి. ఆమె సుత్తి యందిచ్చెను. సింహాద్రాచారి యొక్క దెబ్బ కొట్టెను. కంచు గట్టిదేగాని పెళుసైనది. ఒక్క దెబ్బకే లోపల నది ముక్కలైన చప్పుడు వినబడెను.

పిదప ముక్కల నేఱుటకై పెట్టె విప్పినవారందఱును నివ్వెఱపోయిరి. పగిలిన కంచునకు పసుపుకుంకుమలు పూసియుండెను. గంట లోపలి నాలుకకు పసుపుదారము చుట్టియుండెను. అక్షతలు నాలుగైదు పెట్టె యడుగున రాలియుండెను. ఎండిన మామిడాకు తునక యొకటి వానినడుమ పడియుండెను. ఎవరో క్రొత్తయింట నడుగుపెట్టునాడు దానిని మ్రోగించి పూజించి పని తీఱినపిమ్మట త్రిప్పి పంపివేసిరని యందఱికి నొక్కమాఱే తెలిసెను.

"అద్దెకి తెచ్చుకున్న షామియానా అనుకున్నారేటి బావా!" అని గౌరీశ్వరాచారి యరచెను. అరచి తన యరుపునకు తానే యులికిపడి కూర్చుండెను.

సింహాద్రాచారి కుంకుమంటిన ముక్కను చేతబట్టి చాలసేపు చూచెను. డెబ్బదియేండ్లలో నాయన చెడ్డగంటలను మాత్రమే పగులగొట్టియుండెను. మంచిగంటను గొట్టుట యదియే మొదలు.

ఆ సాయంకాలమే దేశమునందలి వేలంగడి యమ్మకందారుల నుండి చంద్రకాంతమునకు వార్త వచ్చెను. కొయ్యబొమ్మలవారు తుంగచాపలవారు నేతచీరలవారు అందఱును విసిగియుండిరి. వచ్చు బుధవారము మొదలుకొని యేడు దినములు ప్రతివారును దమ సరకును విపణినుండి తీసివేయవలెనని యొప్పుకొనిరి. ఆ మాట విని సింహాద్రాచారి తల యడ్డముగా ద్రిప్పెను.

"సంత మానేస్తే ఆశీలోడికి తెలిసేదేటి? జొరమొచ్చి రాలేదనుకుంటాడు. మా అయ్య కాలంలో అలా సేసీవోరు కాదు. సంతకెల్లి సరుకు పరిసి, దానిమీద గుడ్డ కప్పి కూకునీవోరు. కొనీవోడికి అగపడాల. దొరక్కూడదు. అప్పుడు ఆశీలోడికి కడుపు మండుతాది."

"అయితే మనమూ ముసుగేసి ఫోటో ఎడదామా మావా?"

"ఎట్టు. కానీ ఒకటి ఇనుకో. ఉత్త బుట్టమీద గుడ్డ కప్పితే అది సమ్మె కాదు, మోసం. లోన సరుకుండాల. ఉన్నదాంట్లో మంచి సరుకుండాల."

ఇచట నొక చిక్కు పుట్టెను. దసరాకు పోయదలచిన గంటలన్నియు నింకను మట్టియచ్చులలోనే యుండెను. పోసినవన్నియు నమ్ముడుపోయెను. ఏడిండ్లలోను పూర్తియైన గంట యొక్కటియే. అది యన్నపూర్ణమ్మ గంట.

అన్నపూర్ణమ్మ నలువదియేండ్లు భుజించిన కంచుపళ్లెమును సింహాద్రాచారి యామె సంవత్సరీకము వఱకు దాచియుంచి యా పిమ్మట మూసలో వేసి కఱగించి యొక గంట పోసెను. అచ్చు పగిలిన నాడు చంద్రకాంతము దానిని మ్రోగించెను. ఆ నాదము మొదట గంభీరమై నడుమ సన్నగిల్లి కడపట పెరటిలోనుండి యెవరో పేరుపెట్టి భోజనమునకు పిలిచినట్లు ముగిసెను. ఆమె బాగున్నదనియు ననలేదు. బాగులేదనియు ననలేదు. చేతిలోని గంటతో నేలపై గూలబడెను. దానిని దసరానాడు కామాక్షమ్మ గుడిలో వ్రేలాడదీయవలెనని ముసలివాడు నిశ్చయించుకొనెను. అంతవఱకు నెవరును రెండవమాఱు మ్రోగింపలేదు.

"అక్క గంటా బావా?" అని గౌరీశ్వరాచారి యడిగెను. అతని నోట హాస్యము లేదు.

"అమ్మడానికి కాదు గదరా. కప్పడానికి."

సింహాద్రాచారి తన భుజముమీది యెఱ్ఱగళ్ల తువాలును దీసి యిచ్చెను. చంద్రకాంతము గంటను దానిలో మూటగట్టి యెడమచేతి ముడులు మూడు వేసెను. బొమ్మ దీసెను. విపణివారు నాదమడిగిరి గావున ముసుగుపైననే యొక్క దెబ్బ కొట్టెను. ధప్పుమని చెవిటి చప్పుడొకటి వెలువడెను. దానినే పంపెను. మొదటి ధర శూన్యముగా నుంచుటకు వీలులేకుండెను గావున నొక్క రూపాయి యని వ్రాసెను. వివరమున్న చోట "రుసుము తగ్గువఱకు ముసుగు తీయము" అని యొక్క వాక్యము వ్రాసి యూరకుండెను. ఆ వాక్యమును నిలుపుటకు గూడ వేలంగడి ముందుగా ప్రదర్శన రుసుమును పుచ్చుకొనెను.

"తిట్టడానిక్కూడా డబ్బులేనా!" అని గౌరీశ్వరాచారి తలబాదుకొనగా నా దినమున కదియే యందఱికి నవ్వైనది.

రెండు దినములు నిశ్శబ్దముగా గడచెను. తక్కిన యమ్మకందారులు సరకు దీసివేయుటచే వేలంగడి వీధులు శూన్యములై యా శూన్యములో గళ్లతువాలు గట్టిన మూట యొక్కటియే కనబడుచుండెను. ఆ ముసుగును గూర్చి యెవరెవరో మాటాడుకొనిరి. ఒకరి కొకరు చూపుకొనిరి. మూడవనాటి మధ్యాహ్నము చంద్రకాంతము కెవ్వున కేక వేసెను. వీరాచారి తిత్తి వదలి పరుగెత్తి వచ్చెను.

"పాట పడిపోనాది!"

"దేనిమీద?"

"ముసుగు మీద!"

ఎవరో రెండు రూపాయలని పాడిరి. వేఱొకరు పది యనిరి. సాయంకాలమునకు నూఱు దాటెను. మఱునాటికి వేలలోనికి పోయెను. లోపల నేమున్నదో యెఱుగని జనము ముసుగుకొఱకే పోటీపడుచుండిరి. పాట పెరుగుకొలది యూరివారి మొగములు వాడిపోయెను. ఇట్టిది యెన్నడును విననందున సంతోషింపవలయునో యేడ్వవలయునో వారికి తెలియకుండెను. అమ్మబోమని చెప్పుటకు పెట్టిన వస్తువును లోక మింత యాతురతతో కొనగోరునని వారిలో నెవరు తలచియుందురు? సంతలో ముసుగు వేసిన బుట్టను బేరమాడినవాడు పూర్వమెన్నడును లేడు. ఈ సంతలో కనుచూపు లేదు గావున ముసుగునకు నర్థము గూడ మాఱిపోయెను.

"తీసీమను మావా. మరల్చీస్తాను" అని చంద్రకాంతము ప్రాధేయపడెను.

"తీసేస్తే దుకాణం మూసేస్తారని నువ్వే సదివినావు గదా."

"మూసీనీ. అత్త గంటకన్నా ఎక్కువా దుకాణం?"

సింహాద్రాచారి యాకాశమువైపు చూచెను. ఏడు పొగలును కలిసి యూరిమీద నిలిచియుండెను.

"మీ అత్త ఒక్క ఇంటికి అన్నం ఎట్టింది. ఈ దుకాణం ఏడిళ్లకి ఎడతాంది. అయినా తప్పు మనదే అమ్మా. ముసుగేసినా పాటలో ఎట్టింది మనం. ఎట్టినాక అమ్మం అంటే అది మాట తప్పడమే."

ఏడవనాటి పగటివేళ పాట ముగిసెను. వరంగల్లున నొక విశ్రాంత యుపాధ్యాయిని దానిని కొనెను. వేలంగడి యన్ని నియమములను యథాతథముగా నిలిపి యందఱి యభిప్రాయములును దమకు విలువైనవే యని రెండు వాక్యములు ప్రకటించి యూరకుండెను. సమ్మె యట్లు ముగిసెను. మఱునాడు చంద్రకాంతము గంటను పెట్టెలో సర్దుచు ముసుగు విప్పబోగా మామ యడ్డుపడెను.

"ఇప్పకు. ముసుగుతో కొన్నోలికి ముసుగుతోనే ఇయ్యాల."

దసరా వచ్చెను. కామాక్షమ్మ గుడిలో గంట కొఱకు బిగించిన క్రొత్త కొక్కెము రిక్తముగనే యుండెను. పూజారి చేతిగంటతో హారతి యిచ్చెను. సింహాద్రాచారి కొక్కెమువైపు చూడకుండుటకై కన్నులు మూసికొనియే మ్రొక్కెను.

గంట పంపిన యిరువదియెనిమిదవ దినమున పగలు రెండు జాముల వేళ కొరియర్ బండి మరల వాకిట నాగెను. ఆ పెట్టెను చంద్రకాంతము దూరమునుండియే గుర్తించెను. దాని నామె స్వహస్తముతో మూసియుండెను. పెట్టెపై నంటించిన చీటిలో త్రిప్పి పంపుటకు కారణమను గడియెదుట నేమియు లేదు.

ఊరు నిలిచినచోట నిలిచిపోయెను. గౌరీశ్వరాచారి చేతిలోని మైనపుముద్ద జాఱి నేలబడెను. ముసుగుకొఱకు వేలు పోసినవారు దాని నాదము విని కాదనిరా? అక్క కాదనిపించుకొన్నదా?

"బండమీద ఎట్టండి" అని సింహాద్రాచారి యనెను.

"మావా! ఒక్కసారి ఇప్పి సూద్దాం. ఏటయిందో, ఎందుకొచ్చిందో. ఒక్కసారి."

"ఎలా ఇప్పుతామమ్మా? నెల్లాళ్ల కిందట మంచి గంటని ఇప్పకుండానే కొట్టినాను. అప్పుడు ఆగని సెయ్యి ఈయాల మీ అత్తదని ఆగితే, ఆసారం నాకొకటీ ఊరికొకటీ అయిపోదా?"

"కొట్టీకు బావా" అని గౌరీశ్వరాచారి కాళ్లు బట్టుకొనెను.

"సుత్తి ఇయ్యి అమ్మా."

ఆమె యీయలేదు. ఆయన చేయి చాచియే యుండెను. ఆ చాచిన చేయి చూచి యామె యిక నిలువలేకపోయెను. కన్నులు మూసికొని యెడమచేత సుత్తి యందిచ్చెను.

ఒక్క దెబ్బ. పెట్టెలోనుండి మొదట చెవిటి చప్పుడు వెడలెను. దాని వెనుక నొక సన్నని కూత సగమున దెగి యాగిపోయెను.

పెట్టె విప్పిరి. లోపల నెఱ్ఱగళ్ల తువాలు పంపిననాడున్నట్లే యుండెను. మూడు ముడులును బిగిగనే యుండెను. చంద్రకాంతము వానిని వ్రేళ్లతో తడవి చూచెను. అవి తన యెడమచేతి ముడులే. ఎవరును వానిని విప్పలేదు. గంటను ముసుగు తొలగించి చూచినవారు గాని మ్రోగించినవారు గాని లేరు. ముడులక్రింద మడిచిన కాగిత మొకటి యుండెను. ఆమె దానిని అందఱును వినునట్లు చదివెను.

"అమ్మా, మా అమ్మ సంతలో ఆకుకూరలు అమ్మేది. ఆశీలు పెంచిన ఏడాది బుట్టమీద పైటకొంగు కప్పి రోజంతా ఎండలో కూర్చున్నది. ఆమె పక్కన నేనూ కూర్చున్నాను. కనుక మీ ముసుగును చూడగానే తెలుసుకున్నాను. దానిని తమాషాకు కొనేవాళ్ల చేతిలో పడనీయకూడదని పాటలో నిలిచాను. రుసుము తగ్గేవరకు ముసుగు తీయమని మీరు వ్రాశారు. రుసుము తగ్గలేదు. కనుక నేనూ తీయలేదు. దీనిని మీ ఇంటికి చేర్చడానికి ఆ అంగడిలో తిప్పి పంపడం తప్ప మరో దారి కనిపించలేదు. కారణం వ్రాస్తే వాళ్లకు నవ్వులాట అవుతుంది, అందుకే వ్రాయలేదు. ముసుగు తీసిన నాడు కబురు చేయండి. నేనే వచ్చి మ్రోగించి వింటాను."

కొలుములు బుసబుస మండుచుండెను. సింహాద్రాచారి సుత్తిని నేలపై నుంచెను. మెల్లగా వంగి తువాలు ముడులను విప్పజూచెను. అవి యాయన వ్రేళ్లకు లొంగలేదు.

"ఆళ్లు మన మాట ఇనకుండా రూలు ఎట్టినారని నెల్లాళ్లు ఏడిసినాం" అని యాయన యనెను. "నేనేటి ఇన్నాను అమ్మా? నేనూ ఇనలేదు. ఇప్పకుండానే కొట్టీసినాను."

చంద్రకాంతము ముడులు విప్పగా గౌరీశ్వరాచారి లోపలి ముక్కల నొక్కొక్కటిగా చేతబట్టి చూచెను.

కార్తికమాసమున సింహాద్రాచారి యా ముక్కలనన్నిటిని పొడిని గూడ విడువక యేఱి మూసలో వేసెను. వేఱు కంచు నొక్క రేణువైనను కలుపనీయలేదు. వీరాచారి తిత్తి యూదెను. గౌరీశ్వరాచారి తానే మైనము మలచెను. అక్క పళ్లెపు టంచుననుండిన పూలవరుసను జ్ఞాపకమునుండి చెక్కెను. పోత ముగిసి మూడవనాడు అచ్చు పగులగొట్టినపుడు ఏడిండ్లవారును వచ్చి నిలిచిరి. గంట వెలువడెను. చంద్రకాంతము తడిచేయి చీరకు దుడుచుకొని దానిని మ్రోగించెను.

నాదము గంభీరముగా బయలుదేరి యింపుగా సాగి మెల్లగా నణగిపోయెను.

"ఎలాగున్నాది?" అని సింహాద్రాచారి యడిగెను.

"బాగున్నాది మావా."

"అదేనా?"

ఆ ప్రశ్నకు నందఱును తలలు వంచుకొనిరి. అవునన్నచో ముసలివాడు బ్రతుకును. అవునని చెప్పుమని గౌరీశ్వరాచారి కన్నులతోనే వేడుకొనెను. ఆమె మరల నొకమాఱు మ్రోగించెను. ఆ నాదము కడవఱకు సాగి యాగినది గాని యెవరిని పిలువలేదు.

"కాదు మావా. మంచి గంటే. కానీ ఇది ఏరే గంట."

సింహాద్రాచారి దీర్ఘముగా నూపిరి విడిచెను. ఆయన మోమున దుఃఖముతోపాటు మఱియొక శాంతియు గనబడెను.

"అబద్దం సెప్తావేమోనని బయపడ్డాను. అది మీ అత్త గంటే అనీసుంటే ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఏ గంట మాటా నమ్మీవోడిని కాదు."

నాటినుండి కంచరవలసలో నొక యాచారము మాఱెను. తిరిగివచ్చిన మూటను బండపై నుంచుటకు ముందుగా విప్పుదురు. విని పిమ్మట నిర్ణయింతురు. వేలంగడి నియమములు మాత్రము నేటికిని మాఱలేదు. ఏడు కొలుములను చల్లార్చుట కిష్టపడక చంద్రకాంతము దుకాణము నడుపుచునే యున్నది. రుసుము తగ్గలేదు గావున సింహాద్రాచారి కోరికపై నామె క్రొత్తగంటను గూడ నా యెఱ్ఱగళ్ల తువాలులోనే మూటగట్టి మూడు ముడులు వేసి కామాక్షమ్మ గుడి కొక్కెమునకు వ్రేలాడదీసెను. జరిగినదంతయు దాపఱికము లేక వరంగల్లునకు జాబు వ్రాసెను. ఒకనాడు రమ్మనియు వ్రాసెను. దినము మాత్రము వ్రాయలేదు.

ఎదుటివారి మాట వినకయే తీర్పు చెప్పువారు దొరతనమునందును గలరు విపణియందును గలరు. కొలిమిచెంత ముదిసిన చేతులయందును గలరు. వారి తీర్పు వలన పగులునది మరల పోతకు వచ్చునేగాని మొదటి నాదము మరలి రాదు. నది మీదుగా గాలి వీచినపుడు గుడిలోని ముసుగు కొంచెము కదలును. లోపలి నాలుక కంచును దాకి ధప్పుమని యొకమాఱు చప్పుడగును. ఆ త్రోవన బోవువారు తలయెత్తి క్షణకాలము నిలిచి మఱియొక చప్పుడు కొఱకు చెవి యొగ్గుదురు.